ఏడడుగుల కాగితం రాకెట్

కాగితంతో పెద్ద రాకెట్ చేయాలనుకుంటే ముందు తెలుసుకోవాల్సింది ఇంటి గుమ్మం ఎత్తు. మా ఇంట్లో గుమ్మం ఏడడుగులు, అంటే 213 సెంటీమీటర్లు. శ్లాబు పదడుగుల ఎత్తులో ఉంది. మేం చేద్దామనుకున్నది ఇస్రో వాళ్ల పెద్ద రాకెట్ ఎల్వీఎం3. దాని అసలు ఎత్తు 43.5 మీటర్లు. వందో వంతుకు కుదిస్తే టీవీ పక్కన పెట్టుకునే బొమ్మ అవుతుంది. పదో వంతుకు చేస్తే నాలుగు మీటర్లు దాటి శ్లాబును పొడుచుకుని పోతుంది. ఇరవయ్యో వంతు అయితే 217.5 సెంటీమీటర్లు. నిలువుగా గుమ్మం దాటదు గానీ, ముక్కలుగా విడదీస్తే దాటుతుంది. పైగా లెక్క సులువు. మీటరుకు ఐదు సెంటీమీటర్లు. తొమ్మిదో తరగతి పిల్లలు నోటితోనే చెప్పేస్తారు.

పిల్లలంటే మా అమ్మాయి, ఆమె నేస్తాలు. ఏటా అక్టోబరు 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు జరుగుతాయి. 1957లో మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది అక్టోబరు 4నే. మాది నాయుడుపేట. శ్రీహరికోటకు దగ్గర కాబట్టి ఆ వారం మా వైపు బళ్లలో ఎగ్జిబిషన్ల హడావుడి ఎక్కువే. ఎగ్జిబిషన్ అంటే చాలు, థర్మాకోల్ దిమ్మకు వెండిరంగు కాగితం చుట్టి రాకెట్ అనేస్తారు. ఈసారి అలా కాకుండా కొలతలతో చేద్దామని పిల్లలు పట్టుబట్టారు. నేను చాన్నాళ్లుగా ఏ4 కాగితాల మీద ప్రింట్ తీసుకుని చిన్నచిన్న మోడళ్లు చేస్తుంటాను కాబట్టి పని నా నెత్తిన పడింది.

ముందు కొందరు, మనుషులను చందమామ దగ్గరికి పంపిన అమెరికా రాకెట్ శాటర్న్ 5 అన్నారు. ఆ రాకెట్ 110.6 మీటర్లు. కాగితం మోడళ్లు చేసే విదేశీయులు దాన్ని 48వ వంతులో కడుతుంటారు, అదే 2.3 మీటర్లు వస్తుంది. దాని డ్రాయింగులు కూడా కావలసినన్ని దొరుకుతాయి. కానీ ప్రయోగం రోజు మేడ ఎక్కి చూసే రాకెట్‌ను వదిలేసి దాన్నెందుకు చేయాలి అనిపించింది. 2023 జులై 14 మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్వీఎం3 పొగను ఈ పిల్లలందరూ కళ్లారా చూశారు.

కొలతలు ఎక్కడివంటే, ప్రయోగానికి ముందు ఇస్రో విడుదల చేసే సమాచారంలో పెద్ద కొలతలన్నీ ఉంటాయి. పక్కనున్న రెండు ఘన ఇంధన బూస్టర్లు ఎస్200లు, ఒక్కోటి 3.2 మీటర్ల వ్యాసం. మధ్యలో ద్రవ ఇంధన దశ ఎల్110, దాని వ్యాసం 4 మీటర్లు, పొడవు 21.39 మీటర్లు. పైన క్రయోజెనిక్ దశ, అంటే అతిచల్లటి ద్రవ ఇంధనంతో నడిచేది, సీ25. అదీ 4 మీటర్లే. అన్నిటికంటే పైన ఉపగ్రహాన్ని కప్పి ఉంచే తొడుగు 5 మీటర్లు. అంటే మా మోడల్‌లో 16, 20, 25 సెంటీమీటర్ల గొట్టాలు. చిన్న కొలతలు మాత్రం ఎక్కడా రాసి ఉండవు. వాటిని ఫొటోల్లోంచి తీయాలి. మధ్యభాగం 4 మీటర్లని తెలుసు కాబట్టి ఫొటోలో అదే మా స్కేలు. ప్రయోగవేదిక కిందనుంచి పైకి తీసినవి ఎంత అందంగా ఉన్నా పనికిరావు, పైకి పోయేకొద్దీ రాకెట్ సన్నబడి కనిపిస్తుంది. దూరం నుంచి పెద్ద లెన్సుతో తిన్నగా తీసినవే వాడాం.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2014 డిసెంబరు 18న ఎగిరిన మొదటి ప్రయోగాత్మక రాకెట్‌కూ, 2017 జూన్ 5 నుంచి ఎగురుతున్నవాటికీ రూపంలో తేడా ఉంది. మొదటిదాంట్లో బూస్టర్ల ముక్కు నిటారుగా ఉండే మామూలు శంకువు. తర్వాత గాలి ఒరిపిడి తగ్గించడానికి దాన్ని మధ్య గొట్టం వైపు వాల్చారు. పైన తొడుగు కూడా తిన్నటి శంకువు పోయి నున్నగా వంపు తిరిగింది. వెతికితే రెండు రకాల ఫొటోలూ కలిసిపోయి వస్తాయి. ముక్కు నిటారుగా ఉన్న ఫొటో కనిపిస్తే పక్కన పెట్టేయడమే.

కాగితం దగ్గరికొస్తే, స్టేషనరీ షాపుల్లో దొరికే ఐవరీ షీట్, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), 22 అంగుళాలకు 28 అంగుళాలు తెచ్చాం. సెంటీమీటర్లలో 56కి 71. దాన్ని చూడగానే ఎటు పడితే అటు చుట్టబుద్ధేస్తుంది. కానీ కాగితానికి నార ఉంటుంది. తయారయ్యేటప్పుడు పీచంతా ఒకే దిక్కుకు పడుకుంటుంది. గొట్టం పొడవు నార వెంట వచ్చేలా చుడితే నున్నగా తిరుగుతుంది. అడ్డంగా చుడితే ఫెళ్లుమని విరిగినట్టు మడతలు పడతాయి. నార ఎటుందో తెలుసుకోవడానికి చిన్న చదరపు ముక్క కత్తిరించి ఒకవైపు తడి చేస్తే చాలు. అది ఎటు చుట్టుకుంటే గొట్టాన్నీ అటే చుట్టాలి. మా షీట్లలో నార పొడవు వెంట, అంటే 71 సెంటీమీటర్ల వైపు ఉంది. బూస్టర్ చుట్టుకొలత 50.3 సెంటీమీటర్లు, 56లో హాయిగా ఇమిడిపోయింది. మధ్య గొట్టం చుట్టుకొలత 62.8. అది 71 వైపు పడుతుంది గానీ అప్పుడు నార అడ్డమొస్తుంది. అందుకని మధ్య గొట్టాన్ని నిలువునా రెండు సగాలుగా కోసి అతికించాం. షీట్లు ఎక్కువ ఖర్చయ్యాయి, అయినా తప్పదు. పైన తొడుగుది 78.5, అది ఎలాగూ ఒక్క షీట్‌లో పట్టదు. అదీ రెండు సగాలే. అసలు రాకెట్‌లోనూ ఆ తొడుగు నిలువునా రెండు సగాలుగానే ఉంటుంది, గాల్లోకి వెళ్లాక అలాగే చీలి విడిపోతుంది. కాబట్టి ఆ అతుకును దాచే పనే లేకపోయింది.

గొట్టం లోపల రింగులు ఉండాలి. లేకపోతే 20 సెంటీమీటర్ల కాగితం గొట్టం తన బరువుకే కోడిగుడ్డు ఆకారానికి వచ్చేస్తుంది. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను కోసి, రెండేసి అట్టలను గాడులు ఒకదానికొకటి అడ్డంగా వచ్చేలా అతికించి, కంపాస్ కట్టర్‌తో గుండ్రాలు తీశాం. పది సెంటీమీటర్లకొకటి. రింగుల నడుమ బొక్క పెట్టి, ఫ్లెక్స్ షాపులో రోల్ అయిపోయాక పడేసే అట్ట గొట్టాన్ని అందులోంచి దూర్చాం. అదే వెన్నెముక. ఆ గొట్టాలు గట్టిగా ఉంటాయి, తిన్నగా ఉంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు. ఇంతకంటే మంచి బేరం లేదు.

రింగుల మూసలను కంప్యూటర్‌లో గీసి ఊళ్లోనే ప్రింట్ తీయించాం. ప్రతి పేజీ మూలన కచ్చితంగా 10 సెంటీమీటర్ల గీత పెట్టడం నాకు పాత అలవాటు. ప్రింట్ చేతికి రాగానే స్కేలు పెట్టి చూస్తే ఆ గీత 9.7 ఉంది. మూడు శాతం కుదించి కొట్టారన్నమాట. మూడు శాతం అంటే మధ్య గొట్టం చుట్టుకొలతలో దాదాపు 2 సెంటీమీటర్ల తేడా. ప్రింట్ తీసిన కుర్రాడు, "అన్నా, అంచులు తెగిపోకుండా మెషీనే సైజు తగ్గించుకుంటది" అన్నాడు. పేజీకి సరిపెట్టు అనే ఆప్షన్ తీసేసి నూరు శాతం అని పెట్టమంటే, "ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదన్నా" అని విసుక్కుంటూనే మళ్లీ తీశాడు. మొదటి ప్రింట్లకూ డబ్బులు తీసుకున్నాడు.

ఇక వానలు. సెప్టెంబరులో మా వైపు సాయంత్రమైతే మబ్బు, ఉక్కపోత, రాత్రికి జల్లు. కాగితానికి ఇదే పడదు. గాల్లో తేమ పీల్చుకుని కాగితం ఉబ్బుతుంది, అదీ నారకు అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది. రింగులకు గట్టిగా అతికించిన చోట కదల్లేదు కాబట్టి మధ్యలో లోపలికి కుంగుతుంది. మొదట చుట్టిన గొట్టం రాత్రికి బాగుంది. తెల్లారి చూస్తే కరువుకాలపు ఆవు డొక్కలా రింగు రింగూ బయటికి కనబడుతోంది. పగలు కనిపించని వంకరలను కూడా మా అమ్మాయి ఒక ఉపాయంతో పట్టేసేది. లైట్లు ఆపేసి, ఫోన్ టార్చ్‌ను గొట్టం పక్కన పెట్టి ఒరగా వెలుగు వేసేది. గొట్టం నున్నగా ఉంటే వెలుగు ఒకే చారగా పడుతుంది. ఎక్కడ కుంగితే అక్కడ చార తెగుతుంది. ఆ పరీక్ష మొదలయ్యాక నాకు టెన్షన్ పెరిగింది. బాగుందనుకుని భోజనానికి లేవబోతుంటే, "నాన్నా, ఇక్కడ చూడు" అనేది.

దీనికి మందు, ఒకే పొరతో సరిపెట్టకపోవడం. లోపలి గొట్టాన్ని రింగులకు అతికించి, దానికి వార్నిష్ పూసి ఆరబెట్టాం. దాని మీద రెండో పొరను చొక్కాలా తొడిగి, దాన్ని దానికే అతుకు దగ్గర మాత్రమే అంటించాం, లోపలి గొట్టానికి అంటించలేదు. లోపలిది కుంగినా పైది తన మానాన తాను ఉంటుంది. అతుకులకు ఫెవికాల్ మానేశాం. అందులోని నీళ్లే కాగితాన్ని ముడతలు పెడతాయి. రెండు వైపులా అంటుకునే టేపు వాడాం. ఫెవికాల్‌ను రింగులకు, అట్టకు పరిమితం చేశాం. ఇలా చేశాక వెలుగు చార తెగలేదు, నూటికి నూరు కాకపోయినా తొంభై పాళ్లు.

ఈ దశలో నాకు అర్థమైంది ఏమిటంటే, పెద్ద మోడల్‌లో కష్టమంతా గుండ్రానిదే. ఎత్తు ఎంతైనా ముక్క మీద ముక్క పెట్టుకుంటూ పోవచ్చు. చిన్న మోడల్‌లో 4 సెంటీమీటర్ల గొట్టం చుడితే అదే గుండ్రంగా ఉంటుంది, దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. వ్యాసం పెరిగేకొద్దీ అదే కాగితం మెత్తబడిపోయినట్టు ప్రవర్తిస్తుంది. అసలు రాకెట్ కట్టేవాళ్లకూ ఇదే తిప్పలు. ట్యాంకుల గోడలు పల్చగా ఉండాలి, లేకపోతే బరువు. పల్చగా ఉంటే నలిగిపోతాయి. అందుకే లోపల రింగులు, నిలువు బద్దలు, పక్కటెముకల్లాంటి గాడులు. నిలువు బరువును పల్చటి గొట్టం బాగానే మోస్తుంది, ఎక్కడో ఒకచోట కాస్త సొట్టపడిందా, ఇక అంతే. ఖాళీ గొట్టాన్ని నిలబెట్టి పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పక్కనుంచి వేలితో చిన్నగా నొక్కితే ఏమవుతుందో పిల్లలు ఇంట్లోనే చూశారు. పుస్తకాలన్నీ నేల మీద!

బూస్టర్ల వాలు ముక్కు దగ్గర నా విద్య అయిపోయింది. నిటారు శంకువుకైతే సూత్రం ఉంది. అడుగు వ్యాసార్థాన్ని ఏటవాలు ఎత్తుతో భాగించి 360తో గుణిస్తే ఎన్ని డిగ్రీల ముక్క కోయాలో వస్తుంది. కొన పక్కకు ఒరిగితే ఆ సూత్రం పనిచేయదు. కంప్యూటర్‌లో చేయొచ్చు, చేసే సాఫ్ట్‌వేర్‌లూ ఉన్నాయి. నేను వాటితో కుస్తీ పడుతుండగా మా మేనమామ వచ్చాడు. ఆయన జీవితమంతా రేకు పని చేశాడు. రైస్ మిల్లులకు హాపర్లు, గొట్టాలు, గుండ్రం నుంచి చదరానికి మారే జోడింపులు, ఇంటికి గరాటులు, డబ్బాలు. నా స్క్రీన్ వైపు కాసేపు చూసి, "ఏంది అబ్బయా, వంకర గరాటే గదా. సుద్దముక్క ఇటీ" అన్నాడు.

సిమెంటు నేల మీద కూర్చుని 8 సెంటీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రం గీశాడు. అదే కంపాస్ కొలతతో అంచును ఆరు భాగాలు చేశాడు, ఒక్కోదాన్ని మళ్లీ సగం చేస్తే పన్నెండు. ఫొటోల్లోంచి మేం తీసిన కొలతల ప్రకారం ముక్కు ఎత్తు 24 సెంటీమీటర్లు, కొన గుండ్రం నడిమధ్య నుంచి 6 సెంటీమీటర్లు మధ్య గొట్టం వైపు జరిగి ఉంది. ఆ కొన నేల మీద ఎక్కడ పడుతుందో చుక్క పెట్టాడు. చుక్క నుంచి పన్నెండు గుర్తులకూ ఉన్న దూరాలను కంపాస్‌తో ఎత్తుకుని, గోడ మొదట్లో ఒక్కొక్కటిగా పరిచాడు. గోడ మీద 24 సెంటీమీటర్ల ఎత్తున గుర్తు. నేల మీది గుర్తు నుంచి గోడ మీది గుర్తుకు స్కేలు ఏటవాలుగా పెడితే అదే అసలు పొడవు. పైథాగరస్ పేరు ఆయన నోట రాలేదు. పక్కనే కూర్చున్న మా అమ్మాయి నోట్సులో లెక్కేసి, "పొడవైంది 27.8, పొట్టిది 24.1 రావాలి తాతా" అంది. ఆయన స్కేలు చూపించాడు. మిల్లీమీటరు అటూ ఇటూ అంతే. పన్నెండు గీతలున్నా రెండు పక్కలూ ఒకటే కాబట్టి కొలవాల్సింది ఏడే. ఆ పొడవులతో త్రిభుజాలు ఒకదాని పక్కన ఒకటి గీసుకుంటూ పోతే కాగితం మీద చేప రెక్కలాంటి ఆకారం వచ్చింది. కోసి చుడితే ముక్కు సరిగ్గా వాలి కూర్చుంది. రెండో బూస్టర్‌కు అదే ముక్కను తిరగేసి గీసుకోమన్నాడు.

పైన తొడుగు వేరే కథ. అది రెండు దిక్కులా వంగుతుంది, కాగితం ఒక దిక్కుకే వంగుతుంది. ఏం చేసినా కాగితం ఒప్పుకోదు. కాబట్టి బత్తాయిని తొనలుగా విడదీసినట్టే విడదీయాలి. పదహారు తొనలుగా చేశాం. సన్నటి తీగను ఫొటో ప్రింట్ మీద పెట్టి తొడుగు అంచు వంపు ప్రకారం వంచి, దాని మీద సెంటీమీటరుకొక గుర్తు పెట్టాం. ప్రతి గుర్తు దగ్గరా నడిగీత నుంచి ఎంత దూరముందో చూసి 0.39తో గుణిస్తే ఆ ఎత్తులో తొన వెడల్పు వస్తుంది. అడుగున 4.9 సెంటీమీటర్లు, పైకి పోను పోను సున్నా. తీగను తిన్నగా చేస్తే తొన పొడవు. తొనలన్నీ ఒకదానికొకటి లోపలివైపు టేపుతో కలిపాక దగ్గరగా చూస్తే పదహారు పలకలు తెలుస్తూనే ఉంటాయి. వాటి మీద పల్చటి టిష్యూ కాగితం పట్టీలు మైదా జిగురుతో అంటించి, ఆరాక సన్నటి గరుకు కాగితంతో నెమ్మదిగా రుద్దాం. మైదాలో చిటికెడు మైలుతుత్తం వేయమని మామయ్యే చెప్పాడు, లేకపోతే బొద్దింకలు తినేస్తాయట. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు చేసే పనే అది. మైలుతుత్తం విషం కాబట్టి జిగురు గిన్నె జోలికి పిల్లలను రానివ్వలేదు, ఆ పని నేనూ మామయ్యే చేశాం.

మిగతా చిన్న చిన్న పనులు పిల్లలే చూసుకున్నారు. బూస్టర్లను మధ్య గొట్టానికి పట్టి ఉంచే కడ్డీలను పెన్ను రీఫిల్ మీద కాగితం చుట్టి చేశారు. ఎల్110 అడుగున రెండు వికాస్ ఇంజిన్ల గంటలు చేశారు. విక్రమ్ సారాభాయ్ పేరు మీదుగా వచ్చిన పేరది. పైదశలోని సీఈ-20 ఇంజిన్ బయటికి కనిపించదు, గొట్టం లోపల దాక్కుని ఉంటుంది. దాన్ని చేయడం దండగ అన్నాన్నేను. ఒక అబ్బాయి వినలేదు. లోపల ఉందని మనకు తెలుసు కదా సార్ అన్నాడు. చేశాడు. బాగా చేశాడు. అందుకే పైదశ కింది భాగాన్ని ఊడదీసి చూపించేలా మార్చాం.

ముక్కలన్నీ అయ్యాక వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద ఒక్కొక్కటీ తూచాం. అంతా కలిపి నాలుగున్నర కిలోల చిల్లర. అప్పుడు మా అమ్మాయి అడిగింది, అసలు రాకెట్‌ను కూడా ఇలాగే కుదిస్తే ఎంత బరువుండాలి అని. పొడవు ఇరవయ్యో వంతైతే బరువు 20ని మూడుసార్లు గుణించినంత, అంటే 8000వ వంతు. ఎల్వీఎం3 బరువు దాదాపు 640 టన్నులు. కుదిస్తే 80 కిలోలు! మా బొమ్మ నాలుగున్నర. పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. ఇంకాస్త లెక్కేద్దామన్నాను. ఆ 640 టన్నుల్లో ఇంధనమే ఎంత? బూస్టర్లు రెండిట్లో కలిపి సుమారు 410 టన్నులు, ఎల్110లో 115, సీ25లో 28. మొత్తం 553. ఇక మిగిలింది 87 టన్నులు. అంటే ఇంధనం తీసేస్తే మా లెక్కలో దాదాపు 11 కిలోలు. ఉక్కు, అల్యూమినియం, ఇంజిన్లు, పంపులు, కంప్యూటర్లు, పైన ఉపగ్రహం అన్నీ కలిపి పదకొండు కిలోలు. మేం అట్టతో, ఐవరీ షీట్‌తో కట్టింది నాలుగున్నర. అంత దగ్గరగా ఉంటుందని నేనూ అనుకోలేదు. మా షీట్ మందాన్ని ఇరవై రెట్లు చేస్తే ఏడెనిమిది మిల్లీమీటర్లు వస్తుంది, అసలు రాకెట్ గోడలూ మిల్లీమీటర్లలోనే ఉంటాయి. చంద్రయాన్-3 బరువు 3,900 కిలోలు. అది మా లెక్కలో అర కిలో కూడా లేదు. ఎనభై కిలోల వస్తువు పైకి లేచి, అర కిలోను మాత్రమే చందమామ దారి పట్టించి, మిగతాదంతా వదిలేసుకుంటుంది. కిరాణా కొట్టాయన మా మాటలు వింటూ, ఆ అర కిలో కోసం ఇంత ఖర్చా అన్నాడు. పప్పు పొట్లం కట్టే చేత్తోనే పైదశను కాటా మీంచి జాగ్రత్తగా దించి ఇచ్చాడు.

బడికి తీసుకెళ్లడం ట్రాలీ ఆటోలో. పాలిథిన్ చుట్టి, కింద పాత బొంతలు వేసి, పిల్లలు రెండు పక్కలా కూర్చుని పట్టుకున్నారు. ఐదు ముక్కలు: బూస్టర్లు రెండు, మధ్య గొట్టం, పైదశ, తొడుగు. ఫ్లెక్స్ గొట్టం ఒకదాన్లోకి ఒకటి దిగేలా ముందే చేసుకున్నాం కాబట్టి నిలబెట్టడం నిమిషాల్లో అయిపోయింది. తాపీ మేస్త్రీ తూకం గుండు అడిగి తెచ్చి నిటారుగా ఉందో లేదో చూశాం. అసలు గొడవ ఫ్యాన్ గాలితో వచ్చింది. ఏడడుగుల ఎత్తు, నాలుగున్నర కిలోలు. ఫ్యాన్ వేస్తే పైనంతా నెమ్మదిగా ఊగుతోంది. ఉక్కపోతలో ఫ్యాన్ ఆపమంటే ఎవరూ ఒప్పుకోరు. ఇసుక నింపిన సంచులు బూస్టర్ల అడుగున పెట్టాక ఊగడం ఆగింది.

బరువంతా బూస్టర్ల మీదే ఉంచాం. మధ్య గొట్టం వాటి నడుమ వేలాడుతూ ఉంటుంది, దాని ఇంజిన్లు నేలకు ఆనవు. వచ్చినవాళ్లలో చాలామంది అక్కడే ఆగి, మధ్యది పొట్టిగా చేశారేంటి అని అడిగారు. అసలుదీ అంతే. నేల మీద మండేవి బూస్టర్లు మాత్రమే. చంద్రయాన్-3 అప్పుడు మధ్య ఇంజిన్లు అంటుకున్నది 108వ సెకనులో, అదీ గాల్లో, బూస్టర్లు ఇంకా మండుతుండగానే. ఖాళీ అయిన బూస్టర్లు 127వ సెకనులో విడిపోయాయి. 195 దగ్గర పైన తొడుగు చీలి పడిపోయింది, అప్పటికి గాలి ఒత్తిడి లేదు కాబట్టి దాని అవసరం తీరిపోయింది. 305 దాటగానే మధ్య దశ విడిపోయి క్రయోజెనిక్ ఇంజిన్ అందుకుంది. 969వ సెకనులో ఉపగ్రహం వేరుపడింది. మా అమ్మాయి ఈ అంకెలన్నీ బట్టీపట్టి స్టాప్‌వాచ్ పెట్టి, సెకన్ల ప్రకారం ఒక్కో ముక్కను చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. పదహారు నిమిషాలు నిలబడి వినేవాళ్లెవరు? తొడుగు దాకా విని వెళ్లిపోయేవారు. రెండో రోజు నుంచి ఆ పదహారు నిమిషాలను రెండుకు కుదించింది.

ఖర్చు పెద్దగా కాలేదు. షీట్లు, టేపు, కట్టర్ బ్లేడ్లు, వార్నిష్, ప్రింట్లు, ఆటో అన్నీ కలిపి రెండు వేల రూపాయల పైచిలుకు. ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే బ్లేడ్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మొద్దుబారిన బ్లేడు ఐవరీ షీట్‌ను కోయదు, పీకుతుంది. రంగు కూడా వేయకపోవడమే మేలు. షీట్ ఎలాగూ తెలుపు, రాకెట్‌లోనూ ఎక్కువ భాగం తెలుపే. జెండా, అక్షరాలు విడిగా ప్రింట్ తీసి అంటిస్తే సరిపోతుంది.

ఇప్పుడది బడిలో సైన్స్ ల్యాబ్ మూల, ఫ్యాన్‌కు దూరంగా ఉంది. దాని పక్కన ఎస్ఎల్వీ-3 పెట్టాలని పిల్లల కొత్త కోరిక. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన రాకెట్ అది. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నులు. అదే ఇరవయ్యో వంతులో 110 సెంటీమీటర్లు, రెండు కిలోల చిల్లర. వ్యాసం అసలుదే ఒక్క మీటరు, మనకు 5 సెంటీమీటర్లు. ఒక షీట్‌లో దాని గొట్టం మొత్తం చుట్టేయొచ్చు, రింగులతో పనే లేదు.